ఆరు వారాలుగా ఫాగింగ్ చేయిస్తున్నా మా అపార్ట్‌మెంట్‌లో డెంగీ ఎందుకు ఆగడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో 96 ఫ్లాట్ల సముదాయం, మీరు దాని సంఘం కార్యదర్శి. నెల రోజుల్లో ఐదుగురికి డెంగీ వచ్చింది. వెనుక నాలా ఉంది, పక్క స్థలంలో కొత్త భవనం లేస్తోంది. ప్రతి శనివారం రాత్రి ఏడు గంటలకు ఒక ప్రైవేటు సంస్థతో పొగ పెట్టిస్తున్నారు, అయినా కేసులు ఆగలేదు. మందులో బలం లేదా, సంస్థను మార్చాలా, నాలాను కప్పించమని గట్టిగా పట్టుబట్టాలా అని అడిగారు.

మందూ కాదు, సంస్థా కాదు, నాలా అంతకంటే కాదు. డెంగీ దోమ మీ గేటు లోపలే, మీ శుభ్రమైన నీటిలోనే పుడుతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుగా ఉంది మీ పరిస్థితి. శనివారం పొగను ఆపేయండి. దాని బదులు నాలుగు వారాలపాటు, వారానికి ఒకరోజు, నీరు నిలిచే ప్రతి పాత్రనూ వెతికి, ఖాళీ చేసి, లోపలి గోడలు తోమించండి. ఇదే నా సమాధానం. ఇక మిగిలింది ఎందుకు, ఎలా అన్నది.

నేను ఒక నగరపాలక సంస్థ ఎంటమాలజీ (కీటకాల అధ్యయన) విభాగంలో 27 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఉద్యోగంలో సగం కాలం పరాయి వాళ్ల మిద్దెల మీదే గడిచింది.

ముందు ఏ దోమో తేల్చుకోవాలి. మీ చుట్టూ కనీసం మూడు రకాలు ఉన్నాయి. నాలాలో, మురుగు కాల్వలో, నిండిన సెప్టిక్ ట్యాంకులో పుట్టేది క్యూలెక్స్. చీకటి పడ్డాక చెవి దగ్గర పాడి నిద్ర చెడగొట్టేది అదే. బోదకాలును మోసుకొచ్చేదీ అదే కానీ డెంగీతో దానికి పని లేదు. రెండోది అనాఫిలిస్ స్టీఫెన్సి, నగరాల్లో మలేరియాను వ్యాపింపజేసేది. మూత సరిగ్గా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, బావి, సిమెంటు తొట్టి దానికి ఇష్టం. మూడోది ఈడిస్ ఈజిప్టై. ఒంటి మీద నలుపు తెలుపు పట్టీలు, కాళ్లకు తెల్లని కడియాలు ఉంటాయి. మీ ఐదుగురికీ జ్వరం తెచ్చింది ఇదే. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దెక్కిన మొదటి రెండు మూడు గంటలు, మళ్లీ సూర్యుడు దిగే ముందు. చప్పుడు ఉండదు. చీలమండ దగ్గర కుట్టి పోతుంది, చాలామందికి కుట్టినట్టే తెలియదు. అందుకే రాత్రి వేధించే క్యూలెక్స్ మీద మన కోపమంతా పోతుంది, ఈడిస్ ఊసే ఎవరూ ఎత్తరు.

పిల్లపురుగులను చూసి కూడా చెప్పవచ్చు. తెల్లటి మగ్గులో నీళ్లు ముంచి వెలుతురులో చూడండి. నీటి ఉపరితలానికి సమాంతరంగా, పుల్లలా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి పెట్టి, తోక గొట్టంతో వేలాడుతుంటే క్యూలెక్స్ లేదా ఈడిస్. శుభ్రమైన నీటిలో, మగ్గు కదపగానే పాములా మెలికలు తిరుగుతూ అడుగుకు పోతే దాదాపుగా ఈడిస్ అనే అనుకోండి.

దోమ ఏదో తెలియకుండా పనిచేస్తే ఎంత తెలివైనవారికైనా కాలం వృథాయే. మన హైదరాబాద్ బేగంపేటలోనే దానికి సాక్ష్యం ఉంది. బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 నుంచి రెండేళ్లపాటు మలేరియా కోసం దోమల పొట్టలు కోసి చూశాడు. చూసినవన్నీ క్యూలెక్స్, ఈడిస్ జాతులవే. వాటిలో మలేరియా ఎక్కడ దొరుకుతుంది? చివరికి రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలను, అంటే అనాఫిలిస్‌లను, పిల్లపురుగుల నుంచి పెంచి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. ఒక్కో దోమ కాటుకు ఒక అణా ఇచ్చాడంటారు. 1897 ఆగస్టు 20న ఆ దోమ పొట్ట గోడలో పరాన్నజీవి కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకోవడం అందువల్లే. మన నగరాల్లో చాలా సంఘాలు ఇప్పుడు రాస్ మొదటి రెండేళ్ల దగ్గరే ఆగిపోయాయి: డెంగీ కోసం నాలాలో వెతుకుతున్నాయి.

పొగ ఎందుకు పనిచేయదు? పొగలోని మందు తుంపర గాలిలో ఉన్న కాసేపు, దానికి తగిలిన ఎగిరే దోమను చంపుతుంది. అంతే. గోడ మీద నిలవదు, నీటిలోని పిల్లపురుగును ముట్టుకోదు, గుడ్డును అసలే ముట్టుకోదు. పైగా మీరు పొగ పెట్టేది రాత్రి ఏడుకు. ఆ వేళకు ఈడిస్ మీ పరదాల వెనుక, మంచాల కింద, వేలాడదీసిన నల్లబట్టల మధ్య విశ్రాంతిగా కూర్చుని ఉంటుంది. పొగబండి చప్పుడు వినగానే ఇళ్లవాళ్లు ఏం చేస్తారు? తలుపులు, కిటికీలు బిగించుకుంటారు. చావవలసిన దోమకు మనమే తలుపు వేసి కాపలా కాస్తున్నాం. మిగిలిన పొగ చెట్లకు, పిల్లల ఊపిరితిత్తులకు. దీనికితోడు పొగలో వాడే పైరిత్రాయిడ్ మందులకు ఈ దోమ చాలా నగరాల్లో అలవాటుపడిపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ వీధివీధికీ పొగ పెట్టించాను. పనిచేస్తుందని కాదు. పొగ కనబడితే జనం శాంతిస్తారు, ఫోన్లు ఆగుతాయి. చప్పుడు, వాసన, తెల్లటి మేఘం ఉంటే ఏదో జరుగుతోందన్న నమ్మకం కలుగుతుంది. మగ్గు, టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడిని చూస్తే ఆ నమ్మకం ఎవరికీ కలగదు.

పొగ పూర్తిగా పనికిరాదని కూడా అనను. జ్వరం ఖాయమైన ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్లలోనూ గదుల లోపల పైరిత్రం అనే దోమల మందు పిచికారీ చేస్తే అప్పటికే వైరస్ ఎక్కిన ముసలి దోమలు కొన్ని చస్తాయి. అది కేసు తెలిసిన రెండు మూడు రోజుల్లోపే జరగాలి, అదే రోజు ఆ ఇళ్లలో నీళ్ల పాత్రల పనీ జరగాలి.

గుడ్డు కథ తెలిస్తే సగం పని అయినట్టే. ఈడిస్ నీటి మీద గుడ్లు పెట్టదు. నీటి మట్టానికి కొంచెం పైన, పాత్ర లోపలి తడి గోడకు అంటిస్తుంది. నల్లగా, ఆవగింజ కంటే చాలా చిన్నవిగా ఉంటాయి. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీరు తగిలిన గంటల్లో పొదుగుతాయి. మన ఉష్ణోగ్రతల్లో అక్కడి నుంచి రెక్కల దోమ కావడానికి వారం నుంచి పది రోజులు. 'వారానికి ఒకసారి' అన్న నియమం ఈ లెక్కలోంచే వచ్చింది. పది రోజులకోసారి చేస్తే చేసినట్టే ఉంటుంది కానీ ఒక పంట దోమలు ఎగిరిపోతాయి. మునిసిపాలిటీలు శుక్రవారాన్ని 'డ్రై డే'గా ప్రకటించినా, ఆదివారం ఉదయం పది నిమిషాలు కేటాయించమని హైదరాబాద్‌లో 2020లో ప్రచారం చేసినా ఉద్దేశం ఇదే.

ఇంకొక సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక కాలనీలో ఇంటింటికీ తిరిగి డ్రమ్ములు ఒంపించాం, ఎండబెట్టించాం, ఫొటోలు తీసుకున్నాం. రెండు వారాల తర్వాత వాన పడింది. మూడో రోజు వెళ్లి చూస్తే అవే డ్రమ్ముల్లో పిల్లపురుగులు. ఒంపాం కానీ తోమలేదు, గుడ్లు గోడకే ఉన్నాయి. అప్పటినుంచి మా సిబ్బంది సంచిలో కొబ్బరి పీచు తప్పనిసరి అయింది.

ఎక్కడ వెతకాలి? ఈడిస్ పెద్దగా ఎగరదు. సాధారణంగా పుట్టినచోటికి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే మీ వెతుకులాటకు హద్దు ఉంది: మీ ఆవరణ, దాన్ని ఆనుకున్న నాలుగైదు స్థలాలు.

లోపలి నుంచి మొదలుపెట్టండి. ఫ్రిజ్ వెనుక ట్రే, ఎయిర్ కూలర్, వాష్‌బేసిన్ మీద మనీప్లాంట్ సీసా, పూలకుండీ కింది పళ్లెం, వాడని బాత్రూములోని కమోడు. ఈమధ్య దోమలను తరిమే మొక్కలంటూ అమ్ముతున్నారు. ఒక బాల్కనీలో అలాంటివి ఆరు కుండీలు వరుసగా పెట్టుకున్నారు, నాలుగింటి పళ్లేల్లో పిల్లపురుగులు దొరికాయి. ఆ యజమాని ముఖం చూసి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

తర్వాత పైకప్పు: ట్యాంకు మూతలు, పొంగే గొట్టానికి వల ఉందా, పాత బకెట్లు, నిరుడు దీపావళి నాటి మట్టి మూకుళ్లు, విరిగిన కుర్చీ గుంతలు. తర్వాత కింద: సంపు మూత, లిఫ్టు గుంత, సెల్లార్‌లో ఊట నీరు, జనరేటర్ పక్కన పడేసిన టైర్లు, వాచ్‌మన్ గది బయట డ్రమ్ము, తాగి పడేసిన కొబ్బరి బొండాలు. పాత ఇళ్లలో అయితే పెరట్లో రోలు. వాడకం పోయి, వానకు నిండి, ఎవరూ బోర్లించలేని బరువుతో ఉండే ఆ రాతి రోలు ఈడిస్‌కు పుట్టిల్లు లాంటిది. ఇసుకతో నింపించేస్తే సరి.

మీ పక్కన కడుతున్న భవనాన్ని నేను ప్రత్యేకంగా అనుమానిస్తున్నాను. స్లాబు పోశాక మేస్త్రీలు చిన్న చిన్న గట్లు కట్టి నీరు నిలుపుతారు కదా, ఆ మళ్లు పది రోజులు దాటితే దోమల నర్సరీలే. లిఫ్టు గుంత, ఇటుకలు తడిపే తొట్టి, నీళ్ల డ్రమ్ములు సరేసరి. పైగా అక్కడ పనిచేసేవాళ్లు పగలంతా అక్కడే ఉంటారు, అక్కడే పడుకుంటారు. మొదట జ్వరం వచ్చేదీ వాళ్లకే, పరీక్ష చేయించుకోనిదీ వాళ్లే. ఒకసారి ఒక కాలనీలో పదకొండు కేసులకు మూలం వెతుకుతూ పోతే, ఆగిపోయిన ఒక భవనం లిఫ్టు గుంత దగ్గర తేలాం. మగ్గు ముంచితే నీటికంటే పురుగులే ఎక్కువగా వచ్చాయి. నీరు తోడించి, గుంతను ఆరబెట్టించి, వారం వారం చూస్తూ వచ్చాం. నెల తిరిగేసరికి ఆ కాలనీలో కొత్త కేసులు లేవు. ఆ బిల్డరుతో దెబ్బలాడకండి. నోటీసు కంటే ముందు సైటు మేస్త్రీని పిలిచి మగ్గులో పురుగులు చూపించండి. నాకు చాలాసార్లు అంతటితో పని అయింది.

నీళ్లు పారబోయమనడం అందరికీ చెల్లదు. ఇది మీ అపార్ట్‌మెంట్‌కు కాకపోయినా, మీ దగ్గర పనిచేసేవాళ్లు ఉండే బస్తీకి వర్తిస్తుంది. 2005 చివర్లో, మూడు దశాబ్దాల తర్వాత చికున్‌గున్యా మన దేశానికి తిరిగి వచ్చింది. మొదట దెబ్బతిన్నవాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. ఆ రోజుల్లో రాయలసీమలోని ఒక పట్టణానికి మమ్మల్ని పంపారు. ఒక ఇంటి ముందు ఆరు డ్రమ్ములు, ఆరింటిలోనూ పిల్లపురుగులు. ఒంపేయమన్నాను. కీళ్లు పట్టేసి గోడ పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దావిడ, "ఒంపుతాను నాయనా. మళ్లీ కుళాయి వచ్చేది ఐదో రోజు. అందాకా నువ్వు తెచ్చిపోస్తావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం మేము కరపత్రంలోంచి 'ఒంపండి' అన్న మాట తీసేసి, 'పాత పంచె గుడ్డ కప్పి తాడుతో బిగించండి, ఒక్కో డ్రమ్ము ఖాళీ అయినప్పుడల్లా తోమండి' అని రాశాం. రోజూ కుళాయి రాని ఊళ్లో డెంగీ అదుపు సగం నీటి సరఫరా శాఖ చేతిలో ఉంటుంది. ఆరోగ్య శాఖ సమావేశాల్లో ఆ శాఖవాళ్ల కుర్చీ ఎక్కువసార్లు ఖాళీగా ఉండేది.

లెక్క రాయండి. మీరు చదువుకున్నవారు, ఇది సులభమే. వెతికిన ఇళ్లలో నూటికి ఎన్నింటిలో పురుగులు దొరికాయో అది గృహ సూచీ. నూరు ఇళ్లకు ఎన్ని పాత్రల్లో దొరికాయో అది బ్రెటో సూచీ. 80 ఫ్లాట్లు చూస్తే 8 ఇళ్లలో, మొత్తం 12 పాత్రల్లో దొరికాయనుకోండి. గృహ సూచీ 10, బ్రెటో సూచీ 15. ఈ రెండూ వారం వారం దిగుతున్నాయా లేదా అన్నదే మీ పరీక్ష ఫలితం. పొగ బిల్లులకు అలాంటి పరీక్ష ఏదీ లేదు.

ఈ సూచీలను గుడ్డిగా నమ్మవద్దు. సింగపూర్‌లో 1960ల్లో దాదాపు సగం ఇళ్లలో ఉన్న ఈడిస్‌ను 1970ల నడుమకు రెండు శాతం దగ్గరకు దించారు. పదిహేనేళ్లపాటు డెంగీ అణిగింది. 1990ల నుంచి, ఇళ్లలో దోమ తక్కువగానే ఉన్నా, కేసులు మళ్లీ పెరిగాయి. చాలాకాలం జ్వరం సోకని జనంలో రోగనిరోధక శక్తి తగ్గిపోవడం ఒక కారణం. ఇళ్ల బయట, పని ప్రదేశాల్లో, బడుల్లో దోమ కుట్టడం మరొకటి. అందుకే నేను పిల్లపురుగుల కంటే ప్యూపాలను లెక్కించమంటాను. కామా గుర్తులా వంగి, ఏమీ తినకుండా, ఒకటి రెండు రోజుల్లో దోమ అయ్యే దశ అది. పది పాత్రల్లో పిల్లపురుగులు ఉండవచ్చు, ప్యూపాల్లో చాలా భాగం మాత్రం రెండు మూడింటిలోనే దొరుకుతాయి. ముందు పట్టుకోవలసినవి ఆ రెండు మూడే.

వెంటనే తగ్గకపోతే మానేయవద్దు. దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. రోగిని కుట్టిన దోమ మరొకరికి అంటించగలగడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంటే ఈ శుక్రవారం మీరు మొత్తం శుభ్రం చేసినా, ఇప్పటికే ఎగురుతున్న దోమల వల్ల రెండు మూడు వారాలు కేసులు రావచ్చు. రెండో వారంలో ఎవరికో జ్వరం రాగానే 'ఇదీ పనిచేయలేదు, పొగే మేలు' అని సమావేశంలో ఎవరో ఒకరు లేస్తారు. నేను చూసిన ప్రయత్నాల్లో చాలావరకు ఆ సమావేశంలోనే ఆగిపోయాయి.

మీరు అడిగిన మిగతా వాటికి క్లుప్తంగా. దోమ పిల్లపురుగులను తినే గంబూసియా చేపలు వాడని బావికి, ఫౌంటెన్‌కు సరిపోతాయి. చెరువుల్లో వదలవద్దు, దేశవాళీ చేపల పిల్లలను తినేస్తాయి. ఆయిల్ బాల్స్ మురుగు నీటిలో క్యూలెక్స్ కోసం వేసేవి, సంపు దరిదాపులకు రానివ్వకండి. టెమిఫాస్ అనే, నీటిలోని పిల్లపురుగులను చంపే మందును మోతాదు తెలిసిన మునిసిపల్ సిబ్బందితోనే వేయించాలి. అల్ట్రాసౌండ్ పరికరాలకు డబ్బు దండగ. దోమలో డెంగీ వైరస్‌ను పెరగనివ్వని వోల్బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన దోమల గురించి మీరు చదివింది నిజమే. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వాటిని వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. మన పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కూడా అలాంటి దోమలను తయారుచేసింది. కానీ అది నగరం మొత్తానికి ప్రభుత్వం చేయవలసిన పని, అపార్ట్‌మెంట్ సంఘం కొనుక్కునేది కాదు.

రోగుల విషయం డాక్టర్లు చెప్పాలి. దోమల మనిషిగా నేను చెప్పగలిగింది ఒకటి: జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజులు రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచండి. ఆ రోజుల్లో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది, కుట్టిన ప్రతి దోమా దాన్ని ఎక్కించుకుంటుంది. మీ ఐదుగురిలో ఒక్కరినైనా పగలు తెరలో ఉంచారా? మరొకటి, ఇది అందరికీ తెలిసే ఉండాలి. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యే ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనబడితే ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకూడదు.

చివరగా, మీ సందేశంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'మూడు ఫ్లాట్ల వాళ్లు అమెరికాలో ఉంటారు, అవి ఎప్పుడూ తాళమే' అని మామూలుగా రాసేశారు. కేసుల్లో నాలుగు అదే బ్లాకులో ఉన్నాయని కూడా రాశారు. ముందు ఆ యజమానులకు ఫోన్ చేయండి. ఎవరి దగ్గరైనా తాళంచెవి ఉంటే బంధువుల సమక్షంలో తెరిపించి, కమోడులు, ఫ్రిజ్ ట్రేలు, బాల్కనీ తొట్లు చూడండి. తిరిగి తాళం వేసే ముందు కమోడులో ఫ్లష్ చేసి, మూత వేసి, చుట్టూ టేపు అంటించండి. మొదటి శుక్రవారం లెక్క ఇక్కడ రాయండి, ఏ పాత్రలో ఎన్ని ప్యూపాలు దొరికాయో కూడా. దాన్నిబట్టి రెండో వారం ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.